సరస్సు కుడి వైపున

శేషుకుమారికి కారు నడపడం రాదు. కెయిర్న్స్ దగ్గర సముద్రాన్ని వదిలి, మెలికల కొండదారి పట్టి పైకొస్తే ఆవిడుండే ఎర్రమట్టి ఊరు వస్తుంది. చుట్టూ వేరుశనగ చేలు, ఆవుల మందలు, ఎటు చూసినా అడవి కొండలు. పాల సీసా అయిపోయినా కారు తీయాల్సిన ఊరది. అలాంటిచోట కారు రాకుండా ఇన్నేళ్ళు కాపురం నెట్టుకొచ్చిన మనిషి ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది. నేర్చుకోకపోలేదు. రెండుసార్లు టెస్టుకి వెళ్ళింది. రెండుసార్లూ రౌండెబౌట్ అనే గుండ్రటి కూడలి దగ్గర వచ్చేవాళ్ళందరికీ మర్యాదగా దారి ఇస్తూ అక్కడే ఉండిపోయింది. "నీకెందుకు ఈ తిప్పలు, నేను లేనూ?" అన్నారు ద్వారకానాథ్. ఆ మాటతో ఆ ముచ్చట తీరిపోయింది.

ద్వారకానాథ్ అంటే ఆవిడ భర్త. ఆ చుట్టుపక్కల రోడ్లు వేయించిన ఇంజనీరు. ఏ మలుపు దగ్గరికి వెళ్ళినా "ఇది నేనే గీశాను" అని ఒకసారి అనుకోకపోతే ఆయనకి తిన్నది అరగదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. దారి తప్పినా సరే, పెట్రోలు బంకులో ఆగి ఇంకొకరిని దారి అడిగిన పాపాన పోలేదు. అలాంటాయనకి రిటైరయ్యాక గ్లాకోమా వచ్చింది. ఎడమ కన్ను పూర్తిగా మసకేసింది. కుడి కన్ను మాత్రం ఇంకా కొంత పనిచేస్తోంది. అదీ నెమ్మదిగా తగ్గుతుందని డాక్టరు చెప్పేసింది. ఆ రోజే ఆయన లైసెన్సు తిరిగి ఇచ్చేసి వచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కూర్చున్నవారు లేవలేదు.

పోనీ, కళ్ళు కనపడటం లేదని ఒప్పుకుంటారా అంటే, అదీ లేదు. పప్పులో వేసుకోవాల్సిన నెయ్యి మంచినీళ్ళ గ్లాసులో వేసుకుని, "ఈ గ్లాసు ఇక్కడెందుకు పెట్టావు?" అని విసుక్కునేవారు. ఒకరోజు ఆవిడ బలవంతం మీద వెళ్ళిన సూపర్ మార్కెట్లో ఎదురుపడిన తెలుగు డాక్టరు దంపతులు నమస్కారం పెడితే, ఈయన వాళ్ళ ముందునుంచే చక్కా వెళ్ళిపోయారు. గర్వం అనుకున్నారు వాళ్ళు. కనపడలేదండీ అంటే అక్కడితో పోయేది. అనలేదు సరికదా, ఆ తర్వాత ఇల్లు కదలడమే మానేశారు.

శేషుకుమారి దేవుణ్ణి చూపు తిరిగి ఇమ్మని అడగలేదు. ఆవిడ ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పింది, ఏది జరుగుతుందో ఏది జరగదో తెలుసు. ఆవిడకి కావాల్సింది ఒకటే. "నాకు కనపడటం లేదు కుమారీ, కాస్త చూపించు" అన్న ఒక్క మాట ఆయన నోట రావాలి. ఆ మాట వస్తే ఆయన మళ్ళీ మనుషుల్లో పడతారు. రాకపోతే ఆ కుర్చీ, ఆయనా ఒకటైపోతారు. ఆవిడ భయమంతా అదే.

మెల్బోర్న్ నుంచి కూతురు కిరణ్మయి రోజూ ఫోను చేసేది. "అమ్మా, ప్లీజ్ బీ ప్రాక్టికల్. అక్కడ కారు లేకుండా హౌ విల్ యూ మేనేజ్? మా టార్నీట్ వచ్చేయండి. స్టేషన్ పక్కనే ఉంది, నాన్నకి వాకింగ్‌కి బోల్డంతమంది అంకుల్స్ ఉన్నారు."

"ఆయన వరండా దాటి రారే. టార్నీట్ ఎక్కడొస్తారు?" అనేది శేషుకుమారి.

ఇంతకీ ఆయన ఆ ఊళ్ళో ఇల్లు కొన్నదే సరస్సు కోసం. ఎప్పుడో అగ్నిపర్వతం పేలి గుండ్రంగా గుంట పడి, వాన నీళ్ళు నిండి అయిన సరస్సది. చుట్టూ ఒడ్డు దాకా దిగివచ్చిన అడవి. అప్పట్లో ప్రతి ఆదివారం పులిహోర డబ్బాతో అక్కడికి వెళ్ళాల్సిందే. సరస్సు చుట్టూ ఉన్న అడవిబాటలోకి మొదటినుంచీ కార్లను రానివ్వరు. ఊరి చివర వాళ్ళింటి దగ్గర నుంచి సరస్సు దాకా ఉన్న పాత రైలు కట్టని కూడా పట్టాలు తీసేసి సైకిళ్ళకే వదిలేశారు. అంటే ఇంటి నుంచి సరస్సు చుట్టూ తిరిగి మళ్ళీ ఇంటి దాకా, ఎక్కడా ఒక్క కారు ఎదురుకాదు. రౌండెబౌట్ అసలే లేదు.

ఆ సంగతి బుర్రలో వెలిగిన రోజున శేషుకుమారి నడుచుకుంటూ సైకిలు షాపుకి వెళ్ళింది. ఆవిడ బాపట్లలో చదువుకునే రోజుల్లో వెనక క్యారేజీ మీద స్నేహితురాలిని ఎక్కించుకుని కాలేజీకి తొక్కిన మనిషి. షాపు నడిపే బ్రెండా ఒక మూల నుంచి దుమ్ము దులిపి ఓ నీలంరంగు సైకిలు బయటికి లాగింది. ముందొక సీటు, వెనకొక సీటు, ఇద్దరికీ పెడళ్ళు. టాండెమ్ అంటారట. "కొన్నాళ్ళు తొక్కి చూడు. మీ ఆయన ఎక్కకపోతే తిరిగి తెచ్చెయ్యి," అంది బ్రెండా. ఇంకో మాట కూడా చెప్పింది. వెనక కూర్చున్నవాళ్ళకి ముందున్నవాళ్ళ వీపు తప్ప దారి కనపడదు కాబట్టి మలుపొచ్చినా గతుకొచ్చినా ముందే నోటితో చెప్పాలి. అది టాండెమ్ ధర్మం.

ఆయన ఎక్కనన్నారు. "నేను వెనక కూర్చోవడమేమిటి, నువ్వు నడపడమేమిటి?" అన్నారు. శేషుకుమారి వాదన పెట్టుకోలేదు. లోపలికి వెళ్ళి కొత్త సోనా మసూరి బస్తా తెచ్చి, వెనక సీటు మీద నిలబెట్టి, పాత కాటన్ చీరతో నాలుగు చుట్లు చుట్టి కట్టింది. బరువుకి అలవాటు పడాలి కదా. పొద్దున్నే ఎదుటి పార్కులో బియ్యం బస్తాతో చక్కర్లు మొదలుపెట్టింది. బ్రెండా చెప్పిన ధర్మం తప్పకుండా, "ఎడమకి తిరుగుతున్నాం... గతుకు... ఇప్పుడు ఎత్తు," అని బస్తాకి చెబుతూ తొక్కేది. పక్కింటివాళ్ళు కిటికీ తెరలు పక్కకి జరిపి మరీ చూశారు.

వరండాలోంచి అన్నీ వింటున్న ద్వారకానాథ్ కొన్నాళ్ళు ఓపిక పట్టారు. చివరికి ఉండబట్టలేక, "బియ్యానికి దారి చెబుతున్నావా?" అన్నారు.

"బుద్ధిగా వింటుందండీ. ఎదురు చెప్పదు. మంచి బస్తా."

"అంటే ఆ బస్తా కన్నా నేను తీసిపోయానా?"

"నేనలా అన్నానా? అది మాత్రం సీటు మీద కదలకుండా కూర్చుంటుంది."

మర్నాడు ఆయన బూట్లేసుకుని వచ్చి, చీర ముళ్ళు ఆయనే విప్పి, బస్తాని కిందకి దించారు. అసూయ అన్నది ఎంత మంచి మందో వైద్యులకి తెలిసినట్టు లేదు.

ఎక్కారు గానీ ఊరుకున్నారా? వెనకున్న హ్యాండిలు ఉత్త పట్టుకోవడానికే, తిరగదు. ఆయన దాన్ని తిప్పాలని చూసి, "ఇది బిగుసుకుపోయింది, గ్రీజు పెట్టాలి," అన్నారు. శేషుకుమారి "ఎడమకి" అనబోతే, "నాకు తెలుసులే, నువ్వు చెప్పక్కర్లేదు," అని కొట్టిపారేశారు. "గతుకు" అంటే, "కనపడుతోంది," అన్నారు. కనపడదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ చెప్పడం మానేసి గతుకులు తప్పించి తొక్కడం నేర్చుకుంది. పార్కులో కొన్నాళ్ళు తిరిగాక, వచ్చే శనివారం సరస్సుకి వెళ్దామని ఆయనే అన్నారు. ఆ మాటకి శేషుకుమారి వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఒంటరిగా నిలబడి సంతోషపడింది.

శనివారం తెల్లవారుతూనే ఆవిడ లేచేసరికి పక్క మీద ఆయన లేరు. గరాజులో అలికిడి. వెళ్ళి చూస్తే ద్వారకానాథ్ తలంటుకుని పంచె కట్టుకుని సైకిలు ముందు కూర్చుని ఉన్నారు. వాహన పూజ! రెండు చక్రాల కిందా నిమ్మకాయలు, హ్యాండిలుకి తోటలోని మందారాలు, ఒళ్ళంతా పసుపు. వాళ్ళింట్లో ఇన్నేళ్ళలో ఎన్ని కార్లు మారాయో అన్నిటికీ ఆయనే పూజ చేశారు. ఇకమీదట అలాంటివి ఉండవని ఆవిడ అనుకుంది.

"నీళ్ళతో కలిపిన పసుపు ఎండితే రాలిపోతుంది. అందుకని నువ్వులనూనెతో కలిపాను. పట్టుకుంటుంది," అన్నారు ఇంజనీరు గారు గర్వంగా. "చక్రాలకి పెడదామంటే అన్నీ చువ్వలేనాయె. మధ్యలో పళ్ళేల్లాంటివి నున్నగా చేతికి తగిలాయి. వాటికి నిండుగా పూశాను."

ఆ పళ్ళేలు బ్రేకు డిస్కులు. లివరు నొక్కితే బిళ్ళలు వచ్చి పట్టుకునేది వాటినే. ఆ సంగతి ఆయనకి కనపడలేదు, ఆవిడకి తెలియదు. పైగా పసుపు రాసిన ఆ డిస్కులు ఎంతో ముద్దుగా కనిపించి, శేషుకుమారి వాటి మీద తలో కుంకుమ బొట్టూ పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, నిమ్మకాయలు తొక్కించుకుంటూ బయలుదేరారు. కాలేజీలో ఘర్షణ గురించి పిల్లలకి చెప్పకపోయినా కెమిస్ట్రీ మేడముకి నూనె సంగతి తెలియదా అని మీరు అడగవచ్చు. భక్తి దగ్గర అవన్నీ గుర్తుకు రావు.

రైలు కట్ట మీద దారి బల్లపరుపుగా ఉంది. బ్రేకుతో పెద్దగా పనిపడలేదు. రెండు పక్కలా ఎర్ర దుక్కులు, దూరంగా కొండల మీద మబ్బులు. దారిలో ఓ గేటు దగ్గర ఆగినప్పుడు బ్రేకు కుయ్యిమని మూలిగితే, దుమ్ము పట్టి ఉంటుందిలే అనుకుంది శేషుకుమారి. వెనక నుంచి ఆయన పెడళ్ళు హుషారుగా పడుతున్నాయి. ఎదురొచ్చిన సైకిలతను "గుడ్ మార్నింగ్" అంటే ఆయన కూడా "మార్నింగ్, మేట్!" అన్నారు. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని.

అడవిలో దారి సరస్సుకి తగిలేచోట ఒక బోర్డుంది. సైకిళ్ళు కుడికి తిరిగితే మంచిదని బాణం వేసి చెబుతుంది. బ్రెండా కూడా అదే చెప్పింది. కుడి నుంచి పోతే దారిలో ఒకచోట నిటారు ఎక్కుడు ఉంటుంది, ఎడమ నుంచి పోతే అదే నిటారు దిగుడు అవుతుంది. "ఎక్కలేకపోతే దిగి నడవచ్చు. దిగేటప్పుడు ఆగలేకపోతే ఏం చేస్తారు?" అంది.

శేషుకుమారి ఎడమకి తిప్పింది.

"బోర్డు కుడికి అంటోందా?" అన్నారు ఆయన. బోర్డు ఉన్నట్టు గుర్తుంది గానీ చదవలేరు.

"బోర్డుదేముంది. మనం ప్రదక్షిణం కదండీ చేయాలి. అప్రదక్షిణంగా తిరగడం నాకిష్టం లేదు."

ప్రదక్షిణమంటే తిరిగేది కుడి పక్కన ఉండాలి. ఆయనకి చూపున్నది కుడి కన్నుకే. అసలు సంగతి అదీ. వెనక సీటు నుంచి ఆయన చూడగలిగింది చూసేస్తే చాలనుకుంది ఆవిడ. దేవుడి పేరు చెబితే మొగుడు ప్రశ్నలు వేయడని ప్రతి ఇల్లాలికీ తెలిసిన కిటుకే. చెట్ల సందుల్లోంచి నీలంగా నీళ్ళు కనపడగానే వెనక పెడళ్ళు నెమ్మదించాయి. ఆయన చూస్తున్నారు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే అసలు మాట పైకి వచ్చేస్తుందని భయం.

చాలాసేపు అలా మెల్లగా ఎక్కారు. కలప కోసం అడవి నరికే రోజుల్లో వదిలేసిన మహావృక్షాలు దారి పక్కన ఇంకా నిలబడి ఉన్నాయి. గట్టు పైకి చేరాక దారి ఒక్కసారిగా కిందకి వంగింది. శేషుకుమారి లివర్లు నొక్కింది. కుయ్యిమంది గానీ ఆగలేదు. ఇంకా నొక్కింది.

వెనక నుంచి ద్వారకానాథ్ గాలి పీల్చి, "కుమారీ, ఎవరో పోపు వేస్తున్నారే," అన్నారు.

"అడవిలో పోపేమిటండీ!"

కానీ ఆవిడకీ వచ్చింది వాసన. కాగిన నువ్వులనూనె, పసుపు. ఇంకో రెండు ఎండుమిరపకాయలు పడితే పచ్చడికి సిద్ధం. లివర్లు హ్యాండిలుకి ఆనుకునేలా బిగించినా సైకిలు పరుగు పెంచుతూనే ఉంది. చెట్లు రయ్యిమని వెనక్కి పోతున్నాయి.

"ఎందుకింత స్పీడు? బ్రేకు వెయ్యి! నేను చెప్తా విను, ముందు నువ్వు..."

"నోరు మూసుకుని కూర్చోండి!" అని అరిచింది శేషుకుమారి.

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన్ని అలా అన్నది అదే మొదలు. ఆయన నోరు మూసుకున్నారు. మలుపు దగ్గర ఎడమ పక్కన గడ్డి మిట్ట కనిపించింది. సైకిల్ని అటు మళ్ళించింది. మిట్ట ఎక్కుతూ వేగం తగ్గింది, తగ్గింది, ఇక ఆగుతుందనగా ముందు చక్రం మెత్తగా దేనిలోనో దిగబడి, ఇద్దరూ సైకిలుతో సహా ఓ పెద్ద ఆకుల కుప్పలోకి ఒరిగిపోయారు.

అది అడవికోడి కుప్ప. అక్కడి మగకోడి అడవంతా గాలించి రాలిన ఆకులు నడుమెత్తు పోగేసి, ఆ వేడికి గుడ్లు పొదిగిస్తుంది. దాని యజమాని ఎర్ర తలకాయ, పసుపు మెడతో పొద చాటు నుంచి వచ్చి, పడినవాళ్ళని మనుషులని కూడా చూడకుండా, చెదిరిన ఆకుల్ని కాలితో వెనక్కి తన్నడం మొదలుపెట్టింది. అవన్నీ ద్వారకానాథ్ మీదే పడ్డాయి.

"దెబ్బ తగిలిందా?" అని ఆయన చేతులతో వెతుక్కున్నారు. ఆవిడ మోచెయ్యి దొరికింది. శేషుకుమారికి నవ్వొచ్చింది, ఆపుకోలేక పగలబడి నవ్వింది. ఆయనా నవ్వబోయారు. అంతలో ఆయన చెయ్యి సైకిలు చక్రం మధ్యకి పోయి, చుర్రుమని కాలింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు. ఆ తర్వాత నవ్వలేదు.

ఫోను చేస్తే బ్రెండా వ్యాను వేసుకుని అడవి గేటు దాకా వచ్చింది. సైకిలు ఎక్కిస్తూ చక్రం వైపు వంగి, "డిస్కులకి నూనె ఎవరు పూశారు?" అంది నమ్మలేనట్టు. "నూనె తగిలితే బ్రేకు పట్టదు. చచ్చిపోయేవాళ్ళు!"

"నేనే," అంది శేషుకుమారి వెంటనే. "నాకు తెలియక పూశాను."

ద్వారకానాథ్ దారంతా కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నారు. ఇంటికి రాగానే వరండాలో కుర్చీ. మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, పెట్టింది తినేవారు. నెయ్యి గ్లాసులో పడినా విసుక్కోలేదు. ఆయన విసుక్కోకపోవడం చూసి శేషుకుమారే ఆ గ్లాసు మీద విసుక్కుంది. తిడితే భరించవచ్చు, ఈ మౌనం భరించలేం. చేతిలోకి వచ్చినట్టే వచ్చి జారిపోయిందనుకుంది.

"సీ, నేను ముందే చెప్పానా?" అంది కిరణ్మయి ఫోనులో. "దిస్ ఈజ్ టూ మచ్ అమ్మా. ఆ సైకిల్ రిటర్న్ చేసేసి టికెట్స్ బుక్ చేసుకోండి."

"చూద్దాంలే," అంది ఆవిడ. 'వద్దు' అనే ఓపిక లేకపోయింది.

వారం చివర్లో బ్రెండా బ్రేకు బిళ్ళలు మార్చి, డిస్కులు శుభ్రం చేసి, సైకిల్ని తీసుకొచ్చి గరాజులో పెట్టి వెళ్ళింది. కావాలంటే ఉంచుకోండి, వద్దంటే సోమవారం వచ్చి తీసుకుపోతానంది. శేషుకుమారి సోమవారమే అనుకుంది. బియ్యం బస్తాని మళ్ళీ వంటింట్లోకి లాక్కెళ్ళి, మూతి విప్పి, డబ్బాలో పోసేసింది. బస్తా ఖాళీ అవుతుంటే ఏడుపొచ్చింది. ఎవరో స్నేహితురాలు ఊరొదిలి వెళ్ళినట్టుంది.

ఆదివారం పొద్దున ఆవిడ కాఫీ కలుపుతుంటే గరాజులోంచి పిలుపు.

"కుమారీ! ఒకసారిలా రా."

వెళ్ళింది. ఆయన సైకిలు పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో పసుపు గిన్నె.

"నీళ్ళే. నూనె కాదు," అన్నారు.

శేషుకుమారి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఆ రోజు పూసింది నేను. నువ్వెందుకు నీ మీద వేసుకున్నావు?"

"కుంకుమ నేను పెట్టలేదూ?"

"కుంకుమకి బ్రేకు పోదు." గిన్నెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "ప్రదక్షిణం కూడా అబద్ధమే కదూ? నా కుడి కన్ను కోసం ఎడమకి తిప్పావు. నేను కావాలని నూనె పూశానా, నువ్వు కావాలని దిగుడు దారి పట్టావా... ఇద్దరం కలిసి ఆ కోడి కొంప కూల్చాం."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆయన గిన్నెలో వేలు ముంచి, ఆ వేలు పైకెత్తి, అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"నాకు కనపడటం లేదు కుమారీ. ఎక్కడ పెట్టాలో చూపించు."

ఎన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. హ్యాండిలు దగ్గరికి తీసుకెళ్ళింది. కానీ కళ్ళనిండా నీళ్ళుండగా ఆవిడకి మాత్రం ఏం కనపడుతుంది? హ్యాండిలు మీద పడాల్సిన బొట్టు బెల్లు మీద పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

కాఫీ తాగి బయలుదేరారు. అడవిలో బోర్డు దగ్గరికి వచ్చాక శేషుకుమారి మళ్ళీ ఎడమకి తిప్పబోయింది.

"కుడికే పోనీ," అన్నారు ఆయన వెనక నుంచి.

"కుడికి పోతే సరస్సు ఎడమ పక్క పడుతుందండీ. మీకు..."

"పడనీ. నువ్వు చెబుతూ పో. ఆ బస్తాకి చెప్పినట్టు చెప్పు."

శేషుకుమారి చెప్పడం మొదలుపెట్టింది. ఎడమకి తిరుగుతున్నాం. గతుకు. ఇప్పుడు నీళ్ళు కనపడుతున్నాయి, ఇవాళ పచ్చగా ఉన్నాయి, మీ కొత్త కండువా అంచు రంగు. ఓ తాబేలు దుంగ మీదెక్కి ఎండ కాగుతోంది. ఆయన "ఊఁ" కొడుతున్నారు, మధ్యలో ప్రశ్నలు వేస్తున్నారు, ఒకటి రెండు చోట్ల వాదించారు కూడా. నిటారు ఎక్కుడు దగ్గర దిగారు. ఆవిడ హ్యాండిలు పట్టుకుంది, ఆయన సీటు పట్టుకుని వెనక నడిచారు.

"ఏమండీ, కోడి మళ్ళీ కుప్ప వేసుకుంది."

ద్వారకానాథ్ ఆగారు. "మనం పాడుచేసినదాని కన్నా పెద్దదా?"

శేషుకుమారి తీరిగ్గా చూసి చెప్పింది.

"పెద్దదేనండీ."